కడపటి బంతి

“వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిని కూర్చున్నా ఒకటే” అని సామెత. పెళ్ళిళ్ళలో ఇది నేను కళ్ళారా చూశాను. బూరెల పళ్ళెం పట్టుకున్నది మన పిన్ని కొడుకైతే, ఆఖరి బంతికి బూరెలు అయిపోయాయని ఎంత గోల పుట్టినా, మన విస్తట్లోకి మాత్రం రెండు వచ్చి పడతాయి. ఇన్నేళ్ళూ ఈ సామెత తలుచుకుని నవ్వుకున్నానే గాని, వడ్డించేవాళ్ళలో తనవాడన్నవాడు ఒక్కడూ లేనివాడు కడపటి బంతిలో కూర్చుంటే వాడి గతేమిటని ఎన్నడూ ఆలోచించలేదు. మొన్న సంక్రాంతికి మా మేనకోడలు వచ్చి ఆ ఆలోచన పెట్టి వెళ్ళింది.

అది నర్సింగు మూడో సంవత్సరం చదువుతోంది. రాగానే ప్లేట్లో నాలుగు సున్నుండలు పెట్టాను. మా ఇంటికి ఎవరొచ్చినా సున్నుండలు పెట్టకుండా పంపనని మా వాళ్ళందరిలో నాకు పేరు. రెండు తిని, రెండు పక్కన పెట్టి, “అత్తయ్యా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు మరి” అంది.

వాళ్ళు డ్యూటీకి వెళ్ళే ఆస్పత్రికి డెంగీ జ్వరంతో ఒక పేషెంటు వచ్చిందట. చీరె కట్టుకుంది, బొట్టు పెట్టుకుంది, ఆధార్ కార్డులో మాత్రం మగపేరు. చీటీలు రాసే గుమాస్తా ఆ పేరు పట్టుకుని హాలంతా వినిపించేటట్టు రెండుసార్లు కేకేశాడు. నలభై తలలు తిరిగాయి. ఆడవార్డులో వెయ్యబోతే అక్కడి పేషెంట్ల బంధువులు వద్దన్నారు. మగవార్డులో పడుకోవడానికి ఆవిడే భయపడింది. చివరికి వరండాలో మెట్ల పక్కన మంచం వేశారు. ఇహ అక్కడి నుంచి సందర్శకులు! పక్క వార్డు విద్యార్థినులు, వార్డుబాయి, ల్యాబు కుర్రాడు, అందరూ ఏదో పని ఉన్నట్టు అటువైపు వచ్చి ఒకసారి చూసి వెళ్ళేవాళ్ళు. ఒకాయనైతే నీకు ఆపరేషను అయిందా, ఎక్కడ చేయించుకున్నావని కూడా అడిగాడు. మూడోనాడు పొద్దున చూస్తే మంచం ఖాళీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని రిపోర్టు మధ్యాహ్నం వచ్చింది. చెప్పడానికి మనిషి లేదు.

“మర్నాడు క్లాసులో మా మేడమ్, నర్సుకు పేషెంట్లందరూ సమానమే, అందర్నీ ఒకేలా చూడాలి అని చెప్పి పాఠం ముగించారు. మేమంతా నోట్సు రాసుకున్నాం. మరి ఒకేలా చూస్తే ఆవిడ ఎందుకు వెళ్ళిపోయింది అత్తయ్యా?”

నాకు జవాబు తోచలేదు. పేపరు వెనక నుంచి మావారు, “ఈమధ్య దీనికేదో పొడుగు పేరు పెట్టారుగా, ఎల్జీబీటీక్యూ అని. రైల్వే పరీక్ష పేరులా ఉంటుంది” అన్నారు. పేరు పొడుగే, సంగతి మాత్రం మన వీధిలోదే. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఇద్దరిలో ఎవరినైనా ప్రేమించగలవాళ్ళు, పుట్టినప్పుడు కాగితం మీద రాసిన ఆడా మగా అన్నమాట తమ మనసుకు పొసగనివాళ్ళు. వీళ్ళూ మన ఇళ్ళలోనే పుట్టారు. వీళ్ళకూ జ్వరాలొస్తాయి.

మన తెలుగులో ఒక చక్కని ముడి ఉంది, గమనించారా? చూడటం వేరు, చూసుకోవడం వేరు. కోతిని చూస్తాం, కోనేరును చూస్తాం. పసిబిడ్డను మాత్రం చూసుకుంటాం. ఆ వరండా మంచం దగ్గరకు అందరూ చూడ్డానికి వచ్చారు, చూసుకోవడానికి ఎవరూ రాలేదు.

ఇక “ఒకేలా” అన్నమాట. వినడానికి ఎంత బావుంటుందో! పెళ్ళిబంతిలో అందరికీ ఒకేలా వడ్డిస్తారు. పళ్ళు లేని తాతగారి విస్తట్లోనూ కరకరలాడే గారే, చక్కెరజబ్బున్న బాబాయిగారి విస్తట్లోనూ పాకం కారే జిలేబీయే. వడ్డించినవాడు పక్షపాతం చూపలేదు. కాని తాతగారు పస్తుతో లేచారు. ఎవరి నోటికి తగినట్టు వండారో వాళ్ళకే ఆ “ఒకేలా” సరిపోతుంది. ఆస్పత్రీ అంతే. మగవార్డు, ఆడవార్డు, భర్త పేరు లేదా తండ్రి పేరు, పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఇవన్నీ మనలాంటివాళ్ళ కొలతలకు కుట్టిన జాకెట్లు. మన ఒంటికి అతికినట్టుంటాయి గనుక, ఒకరి కొలతకు కుట్టినవన్న సంగతే మనకు గుర్తుండదు.

మా మేనకోడలు తన పుస్తకంలోంచి ఒక సంగతి చెప్పింది. న్యూజీలాండులో ఇరిహాపెటి రామ్‌స్డెన్ అని మావోరీ జాతి నర్సు ఒకావిడ ఉండేది. 1988లో అక్కడ మావోరీ నర్సుల చదువు గురించి ఒక సమావేశం జరిగింది. మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల ఒకతె లేచి, చట్టపరమైన భద్రత అంటారు, నైతిక భద్రత అంటారు, వైద్యంలో భద్రత అంటారు, మరి మా సంస్కృతికి భద్రత మాటేమిటి అని అడిగిందట. ఆ పిల్ల ప్రశ్నలోంచే “సాంస్కృతిక భద్రత” అన్న భావం పుట్టింది. రామ్‌స్డెన్ దాన్ని పెంచి పెద్ద చేసింది. 1992లో అక్కడి నర్సింగు కౌన్సిలు దాన్ని నర్సుల చదువులో చేర్చింది. రానురాను అది ఒక్క జాతికే కాక వయసుకు, లింగానికి, ఎవరిని ప్రేమిస్తారన్నదానికి కూడా వర్తించింది. ఇందులో తమాషా ఏమిటంటే, ఎదుటివాళ్ళ ఆచారాలు బట్టీ పట్టమని ఆవిడ చెప్పలేదు. ముందు నీ అలవాట్లేమిటో, నీ భయాలేమిటో నువ్వు చూసుకో అంది. సేవ బాగా జరిగిందో లేదో చెప్పవలసింది చేసిన నర్సు కాదు, అందుకున్న పేషెంటు అంది.

ఆడవాళ్ళం మనకిది వెంటనే అర్థం కావాలి. వంట ఎలా ఉందో చెప్పవలసింది వండినవాళ్ళు కాదుగా!

మరి పిల్లలకు నేర్పవలసిందేమిటి? మొదటి పాఠం చాలా చిన్నది: “మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?” ఆధార్ పేరు కాగితానికి కావాలి, రాసుకోండి. హాల్లో కేకెయ్యడానికి అక్కర్లేదు. ఆడా మగా తేలక ఇంగ్లీషువాళ్ళు హీ అనాలా, షీ అనాలా అని తలపట్టుకుంటారు. మనకంత బెడద లేదు. వచ్చాడు, వచ్చింది కాక, “వచ్చారు” అని ఒకటుంది. అందులో ఆడా లేదు, మగా లేదు, మర్యాద ఉంది. నేను నా మేనకోడల్ని “అది” అంటాను, దానికది ముద్దు. అదే మాట ముక్కూ మొహం తెలియని మనిషి మీద విసిరితే చెంపదెబ్బ. అయితే “వారు” అనేసి ఊరుకోవడం కూడా చాలదు. చీరె కట్టుకుని వచ్చిన మనిషి తనను “ఆవిడ” అనాలని కోరుకోవచ్చు. అందుకే అడగమనేది.

ఇది మర్యాద సంగతి మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. ప్రాణం సంగతి కూడా. స్త్రీగా మారి బతుకుతున్నవారు ఈస్ట్రోజెన్ మందులు వాడుతుండవచ్చు. ఆ మందు వల్ల నెత్తురు గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఆపరేషనుకు ముందు, మంచం మీద కదలకుండా ఉన్నప్పుడు నర్సుకు ఆ సంగతి తెలిసి ఉండాలి. గడ్డం పెంచుకుని మగవాడిగా బతుకుతున్న మనిషికి గర్భసంచి ఉండవచ్చు. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సరు పరీక్ష అతనికీ అవసరమే. అడిగే తీరున అడిగితే చెబుతారు. నవ్వుతారని తెలిస్తే దాస్తారు. అలాగని అవసరం లేనిదంతా అడగకూడదు. డెంగీకి ప్లేట్‌లెట్ల లెక్క కావాలి గాని, ఆపరేషను కథ దేనికి?

ఇదంతా తెలిసిపోయిందిలే అనుకోవడానికి లేదు. మన చదువులూ చట్టాలూ కూడా నత్తనడకన వచ్చాయి. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాదు రాజ్యంలో చేసిన చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమంది, ఆడవేషంతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2023లో! స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన జాబితాలోంచి తీసేసింది. మన సుప్రీంకోర్టు అది నేరం కాదన్నది 2018లో. అంతా అయ్యాక కూడా 2024లో మన డాక్టర్ల పాఠ్యప్రణాళికలో దాన్ని మళ్ళీ అసహజ నేరాల్లో చేర్చి, గగ్గోలు లేచాక కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకున్నారు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల చట్టం డాక్టర్ల చదువును ఈ విషయంలో సమీక్షించాలని రాసింది. ఆ వాక్యంలో నర్సు ఊసు లేదు. డాక్టరు రోజుకోసారి వచ్చి వెళతాడు. రాత్రి రెండు గంటలకు దాహం వేస్తే పిలిచేది ఎవరిని?

ఆ సాయంత్రం మా మేనకోడలు ఇంట్లోనే క్లాసు పెట్టింది. “ఇంజెక్షను ముందు బొమ్మ మీద నేర్పిస్తారు అత్తయ్యా. నాలుకకు కూడా సాధన కావాలి” అని, మావారిని పేషెంటుగా మంచం మీద పడుకోబెట్టి, నన్ను నర్సును చేసింది. నేను కాగితం పట్టుకుని ఠీవిగా, “మీ ఆవిడ పేరేమిటండీ?” అన్నాను. “తప్పు! పెళ్ళయిందని నీకెవరు చెప్పారు? ఉన్నది ఆవిడేనని ఎవరు చెప్పారు?” అంది. మావారు ఉత్సాహంగా, “నాకెవరూ లేరు” అన్నారు. మేనకోడలు నవ్వి, “ఇలా అడగాలి: మీకు దగ్గరి మనిషి ఎవరు? ఎవరికి కబురు చెయ్యమంటారు?” అంది.

నా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య, పెళ్ళి చేసుకోలేదు. మద్రాసులో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు ఒక స్నేహితుడితో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. మేమంతా ఆయన్ని “రూమ్మేటు” అనేవాళ్ళం. యాభై దాటిన మనుషులకు రూమ్మేటేమిటని ఎవ్వరం అడగలేదు. అడిగితే జవాబు వినవలసి వస్తుందని భయం. 2011లో అన్నయ్యకు క్యాన్సరు ముదిరిందని తెలిసి బంధువులందరం వెళ్ళాం. నేను నెలరోజులు ఉండిపోయాను. పూటపూటకీ క్యారియర్లో పథ్యం వండి తీసుకెళ్ళేదాన్ని. నన్ను చూసి అందరూ తోడబుట్టినది కూడా ఇంత చెయ్యదన్నారు.

పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలన్నారు ఆస్పత్రిలో. ఆ ఒక్కరు ఎవరో అన్నయ్యను అడగాలని నాకు తోచలేదు. “సొంతవాళ్ళం వచ్చాంగా, మీరు ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి” అన్నాను ఆ స్నేహితుడితో. ఎంత మర్యాదగా అన్నానో! ఆయన ఏమీ అనలేదు. మెట్ల దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. అన్నయ్య నావైపు తిరిగి పడుకోవడం మానేశాడు. నొప్పి వల్లననుకున్నాను.

వారం తర్వాత రాత్రి డ్యూటీకి ఒక కొత్త నర్సు వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. మందు ఇచ్చి, దుప్పటి సర్ది, “సార్, రాత్రి మీ పక్కన ఎవరుంటే మీకు బావుంటుంది?” అని అడిగింది. అన్నయ్య వేలెత్తి తలుపువైపు చూపించాడు. ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, “అమ్మా, మీరు బాగా అలిసిపోయారు. ఈ రాత్రికి ఇంటికెళ్ళి పడుకోండి” అంది. నా గౌరవం నాకుంచి నన్ను పంపింది, ఆయన్ని లోపలికి పిలిచింది. మర్నాడు పొద్దున నేను క్యారియరుతో వెళ్ళేసరికి అన్నయ్య నిద్రపోతున్నాడు. నేను వెళ్ళాక అతను అంత హాయిగా నిద్రపోవడం అదే మొదటిసారి చూడటం. ఆయన చెయ్యి అన్నయ్య నుదుటి మీద ఉంది.

తొమ్మిదో రోజున అన్నయ్య పోయాడు. సంతకాలన్నీ మేమే పెట్టాం. ఆయన మళ్ళీ మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసిందట: దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు, ఇలాంటి జంటలో ఒకరు పోతే రెండోవారికి శరీరాన్ని అప్పగించవచ్చని. మంచిదే. కాని, బంధువులు అందుబాటులో ఉంటేనో? నాలాంటి బంధువులు?

నేను చేసింది సేవ అనుకున్నాను. పథ్యానికి లోటు లేదు, మాటలో కరుకు లేదు. ఎవరైనా నాకు మార్కులు వేస్తే నూటికి నూరు వేసేవారు, అన్నయ్య తప్ప. ఆయన్ని మార్కులడిగిన మనిషి ఆ నర్సు ఒక్కతే.

ఆ పిల్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. బహుశా ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చిన గుణమై ఉంటుంది. నన్ను బాధించేది అదే. ఆ రాత్రి డ్యూటీ ఇంకొకరికి పడి ఉంటే? ఒక మనిషి ప్రశాంతంగా కన్నుమూయడం డ్యూటీ చార్టు మీద ఆధారపడి ఉండాలా? శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆస్పత్రిలో 1983 జూలైలో క్లిఫ్ మారిసన్ అనే నర్సు ఎయిడ్స్ రోగుల కోసం పన్నెండు మంచాల వార్డు తెరిపించాడు. దాన్ని 5బి అనేవారు. ముట్టుకుంటేనే అంటుకుంటుందని జనం వణికిపోతున్న రోజులవి. అక్కడ పనిచేసినవాళ్ళంతా తామంతట తాము ముందుకొచ్చినవాళ్ళే. చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్ళు. రోగికి సొంతవాళ్ళెవరో రోగే చెప్పాలన్నది ఆ వార్డు పద్ధతి. మా అన్నయ్య విషయంలో ఒక పిల్లకు తోచిన మంచి, అక్కడ వార్డు మొత్తానికి పద్ధతి అయింది. చదువు చెప్పడమంటే అదే కదా, ఒకరి మంచితనాన్ని అందరి అలవాటు చెయ్యడం.

ఈమధ్య మన దగ్గరా వడ్డించేవాళ్ళలో ఆ బంతివాళ్ళు కనిపిస్తున్నారు. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉస్మానియా ఆస్పత్రిలో చేరారు. 2021లో హైదరాబాదులో “మిత్ర్” అని, ట్రాన్స్‌జెండర్లే నడిపే క్లినిక్కు ఒకటి పెట్టారు. 2025 ఆరంభంలో అమెరికా నుంచి వచ్చే డబ్బు ఆగిపోయేసరికి అది మూతపడి, వేరే సాయం వెతుక్కోవలసి వచ్చింది. కడపటి బంతికి విడిగా పందిరి వెయ్యడం మంచిదే. కాని అర్ధరాత్రి జ్వరం వచ్చినవాడు ఆ పందిరి వెతుక్కుంటూ ఎక్కడికి వెళతాడు? దగ్గరున్న ఆస్పత్రికే వెళతాడు. అక్కడ వడ్డించే ప్రతి చెయ్యీ మనవాడి చెయ్యి కావాలి.

ఇదంతా విని మావారు, “బాగానే ఉంది. కాని నర్సులూ మనుషులే. ఒక్కొక్కరికి ఒక్కో నమ్మకం ఉంటుంది. మనసు మార్చుకోమని పాఠం చెబితే మారుతుందా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మా పక్కింటావిడ కూతురు నర్సు. వాళ్ళింట్లో ఉల్లిపాయ కూడా ముట్టరు. ఆస్పత్రిలో మాత్రం క్షయ రోగులకిచ్చే కోడిగుడ్డు తన చేత్తో వలిచి పెడుతుంది. ఆమెను గుడ్డు తినమని ఎవరూ అనలేదు. మూతి ముడవకుండా పెట్టమన్నారు, అంతే. నమ్మకం ఇంట్లో ఉంచుకోవచ్చు, చేతుల్లోకి రానివ్వకూడదు.

అయితే నా పోలికలో ఒక లోపం ఉంది, నాకే తోచింది. గుడ్డుకు మనసు లేదు. మనిషి మాత్రం, ముడవని మూతి వెనక ముడుచుకున్న మనసును కూడా కనిపెడతాడు. కనుక చెయ్యి నేర్చుకున్నాక, మనసు కూడా నెమ్మదిగా దాని వెంట నడవాలి. నడుస్తుందనే నా నమ్మకం. 2021లో మద్రాసు హైకోర్టుకు ఇద్దరు ఆడపిల్లల కేసు వచ్చింది. కలిసి బతకాలని ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్‌గారు తీర్పు రాయబోయే ముందు, ఈ విషయంలో నాకే సరైన అవగాహన లేదని ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర విద్యార్థిలా కూర్చుని నేర్చుకున్నారు. ఆ సంగతి దాచకుండా చెప్పారు కూడా. అంత పెద్దాయన కూర్చోగా లేనిది, మన పిల్లలూ వాళ్ళ మేడమ్‌లూ కూర్చోలేరా? నేను కూర్చోలేనా?

కనుమ వెళ్ళిన మర్నాడు మేనకోడలు ప్రయాణమైంది. నేను యథాప్రకారం స్టీలు డబ్బా నిండా సున్నుండలు సర్ది మూత పెట్టాను. అది చెప్పులు వేసుకుంటూ, “అత్తయ్యా, కోపం తెచ్చుకోనంటే ఒక మాట. నాకు సున్నుండలు పడవు. గొంతు పట్టేస్తుంది” అంది.

“అదేమిటే! ఇరవై ఏళ్ళుగా తింటున్నావుగా!”

“ఇరవై ఏళ్ళుగా నువ్వు పెడుతున్నావు” అంది.

మావారు పేపరు పైకెత్తుకున్నారు. నేను డబ్బా మూత తీశాను.

“పోనీ, ఏం పెట్టమంటావు?” అని అడిగాను, ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

“జంతికలున్నాయా?” అంది.